నిప్పుల బకెట్

నా భార్యను చంపింది ఆమె తమ్ముడు. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. రాసుకోనీ.

నాలుగేళ్ల కిందట, వాన పట్టిన రోజున ఆమెకు చలిజ్వరం వచ్చింది. ఇస్త్రీపెట్టెల్లో మిగిలిన నిప్పులు బకెట్లో పోసి ఆమె గదిలో పెట్టాడు. కిటికీ మూశాడు. తలుపు కింద గుడ్డ కుక్కాడు. అక్క మీద ప్రేమట. గంటన్నర తర్వాత నేను తలుపు తీస్తే నిద్రపోతున్నట్టే ఉంది.

బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుందనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ, పొగ కూడా అక్కర్లేదనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట కడుపులోనే పెట్టుకున్నాను. అత్తవారింటి నుంచి వచ్చి, అమ్మకేమైందని అడిగిన కూతురికి మీ మామయ్య చంపాడని ఒక్క ముక్క చెప్పాను. ఆమె అతన్నీ అడిగింది. అతను ఏడ్చాడు తప్ప నోరు విప్పలేదు. ఆమె ఇంకెవర్నీ అడగలేదు.

ఇస్త్రీ దుకాణం ఇద్దరిదీ. రెండు బల్లలు, ఒక బొగ్గుల పొయ్యి. నాలుగేళ్లు పక్కపక్కనే నిలబడి పని చేశాం, మాట లేదు. ఏ చొక్కా ఎవరిదో కూడా బట్టలు తెచ్చినవాళ్ల చేతే అడిగించేవాళ్లం. అలిగిన మొగుడూ పెళ్లాలు నయం మీకన్నా అని ఎదుటి టైలరు నవ్వేవాడు.

ఈ ఏడు వానల్లో కూతురు కాన్పుకు నా దగ్గరకొచ్చింది. దుకాణం మీది గదిలో తనూ, నలభై రోజుల పిల్లా.

ఆ మధ్యాహ్నం ఈదురుగాలి. నేను ఒక కాలరు సరిచేస్తున్నాను. పక్క బల్ల మీద ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయింది.

"బావా, నిప్పుల బకెట్ ఏది?"

నాలుగేళ్లలో అతని మొదటి మాట. పొయ్యి పక్కన చూశాను. బకెట్ ఉండే చోట గుండ్రటి బూడిద మరక. పిల్లకు చలేస్తోందంటూ కూతురు ఇందాక కిందికి వచ్చి వెళ్లింది. నేను తలెత్తి చూడలేదు.

ఇద్దరం ఒకేసారి మెట్ల మీద పడ్డాం. అతను నన్ను గోడకేసి తోసి ముందెక్కాడు. తలుపుకు లోపల గడియ. బాదాం, పిలిచాం. పలుకు లేదు. తలుపు కింద గుడ్డ కుక్కి ఉంది.

ఇస్త్రీపెట్టె ఇంకా నా చేతిలోనే ఉందని అప్పుడు తెలిసింది. దానితో తలుపు పక్క కిటికీ అద్దం మీద కొట్టాను. అద్దం పగిలింది, నిప్పులు నా కాళ్ల మీద రాలాయి. మంట తెలియలేదు. అతను కిటికీ ఎక్కాడు.

"ఊపిరి బిగబట్టి దిగు," అన్నాను. నాలుగేళ్లలో అతనితో నా మొదటి మాట.

ముందు పిల్ల వచ్చింది, కిటికీలోంచి నా చేతుల్లోకి. తడిబట్టలా వేలాడుతోంది. మెట్ల మీద గాలికీ వానకీ ఎదురుగా పట్టుకున్నాను.

"ఏడవవే తల్లీ. ఒక్కసారి ఏడు."

మొహం మీద చినుకులు పడ్డాయి. మూతి వంకర పెట్టింది. ఏడ్చింది. వీధి చివరికి వినిపించేలా ఏడ్చింది. నేను నవ్వానో అరిచానో నాకే తెలియదు. ఈలోగా అతను గడియ తీసి కూతుర్ని బయటికి ఈడ్చుకొచ్చాడు. చేతి నిండా గాజు గాట్లు. బకెట్ ఎత్తి వానలోకి విసిరాడు. అది బుస్సుమంది. టైలరు ఆటో తెచ్చాడు.

ఆసుపత్రిలో తల్లికీ పిల్లకీ ఆక్సిజన్ పెట్టారు. గండం గడిచిందన్నారు. కూతురు ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి నా వైపు చూసింది.

"పొగ రాలేదుగా అని పెట్టాను నాన్నా. తలనొప్పి వస్తే నిద్ర చాలక అనుకున్నా. మామయ్య చంపాడన్నావు. బొగ్గులని ఒక్కసారైనా చెప్పావా?"

పక్కన అతను చేతికి కట్టు కట్టించుకుంటున్నాడు. నేను ఆ మాస్కు మళ్లీ ఆమె మొహానికి సరిచేశాను.

ఇప్పుడు దుకాణానికి ఎవరొచ్చినా చెబుతాను. పొగ లేకపోయినా సరే, నిప్పులు గదిలో పెట్టకండి. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతి, మైకం వస్తే ముందు పిల్లలతో సహా బయటికి రండి, తర్వాత ఆలోచించండి. ఆ వాయువు పుడితే కూతపెట్టే యంత్రం పైగదిలో బిగించాం. వారానికోసారి దాని మీట నొక్కి చూసేది అతనే.

నా భార్యను చంపింది ఆమె తమ్ముడు. ఆ మాట మార్చను. నా మనవరాలిని ఎత్తుకొచ్చిందీ అతనే. నోరు మూసుకుని కూర్చున్నవాణ్ణి నేను. బొగ్గుల గురించి ఎన్నిసార్లయినా అడగండి. నా భార్య పోయిన రోజు గురించి ఇంక నా నోట ఒక్క మాట రాదు.