జూలై మంచు

డెబ్భై ఆరులో ఎనిమిది డాలర్లతో చికాగోలో దిగిన రామమోహన్, ఏడేళ్లు తిరిగేసరికి నేపర్‌విల్‌లో ఇల్లు కొన్నాడు. నోటిలెక్కల్లో దిట్ట. నెలవాయిదా సగం తన జీతంలో, సగం భార్య రేణు జీతంలో అని వేసుకున్నాడు. ఆ లెక్కలో రేణు భయం లేదు.

ఒకనాడు ఆఫీసుకెళ్లే రైల్లో ఆమెకి ఊపిరాడలేదు. అప్పట్నుంచి భయం వేసినప్పుడల్లా ఆమె చుట్టూ మంచు కురిసేది. నడివేసవిలో కూడా. రామమోహన్ పొద్దున్నే వంటింట్లో మంచు పారతో ఎత్తిపోసి, టిఫిన్ తిని ఆఫీసుకెళ్లేవాడు. అందరిళ్లలో చెప్పులు విడిచే పక్కింటి శశికళ, ఇక్కడ మాత్రం గుమ్మంలో బూట్లు తొడుక్కునేది.

డాక్టరు యాంగ్జైటీ అని రాసిచ్చాడు. ఆమె పనికి వెళ్లడం మానేశాక, డిజెబిలిటీ ఇన్సూరెన్స్ వాళ్లు ఏడాదిగా ఆమె జీతంలో అరవై శాతం ఇస్తున్నారు. ఇకముందు ఇవ్వాలో వద్దో తేల్చడానికి హాలోవే అనే ఆయన్ని ఇంటికి పంపుతామన్నారు. ఆ డబ్బు ఆగితే రేణు మళ్లీ రైలెక్కాలి. లేదా ఇల్లు వదులుకోవాలి.

"ఉన్నదున్నట్టు కనపడు, చాలు," అన్నాడు రామమోహన్.

కానీ ఇంటికి మనిషి వస్తున్నాడాయె. రేణు మంచు మొత్తం ఊడ్చి, కోట్లు పెట్టుకునే క్లాజెట్‌లోకి తోసి తలుపేసింది. పట్టుచీర కట్టుకుని ఉప్మా చేసింది. హాలోవే "హౌ ఆర్ యూ?" అంటే, "ఫైన్, ఫైన్! ఇంకొంచెం వేసుకోండి," అని నవ్వింది. ఉక్కపోతకి ఆయన కోటు విప్పితే, రామమోహన్ మర్యాదగా అందుకుని, అలవాటుకొద్దీ ఆ క్లాజెట్‌లోనే తగిలించాడు.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. మనిషి హుషారుగా ఉంది, పని చేయగలదు, ఇక డబ్బివ్వం.

"ఆ మంచు ఆయనకి కనపడనిస్తే పోయేదిగా!"

"ఊడవని ఇల్లు చూపిస్తారా ఎవరైనా?" అంది రేణు. ఒళ్లో మంచు పేరుకుంటోంది.

సోమవారం ఆమె పనిలో చేరాలి. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. హాలోవే.

"స్టేషన్‌లో ఉన్నాను. మీ ఇంటికొచ్చి వెళ్లినప్పట్నుంచి నా కోటు జేబుల్లో మంచు. దులిపితే మళ్లీ నిండుతోంది. రైళ్లు వచ్చి పోతున్నాయి, ఎక్కలేకపోతున్నాను. ఇలాంటప్పుడు మీ ఆవిడ ఏం చేస్తుంది?"

ఆ నిర్ణయం మీద అప్పీలుకి ఇంకా గడువుంది. ఇంతకు మించిన సాక్షి దొరకడు. రామమోహన్ చటుక్కున కారు తాళాలు అందుకున్నాడు.

"నేనూ వస్తాను," అంది పక్కనే నిలబడి విన్న రేణు. ఏడాదిగా ఆమె గడప దాటలేదు.

"నువ్వు బయట కనిపిస్తే అప్పీలు నిలుస్తుందా? ఉండు."

"ఒక్కడే కూర్చున్నాడండీ అక్కడ. ఎలా ఉంటుందో మీకేం తెలుసు?"

ఆమె చెప్పులు తొడుక్కుంది. జుట్టంతా తెల్లగా మంచు. బయట ఎండ మండిపోతోంది.

రామమోహన్ ఈసారి లెక్క వేయలేదు. ఆమె కోటు తీయడానికి వెళ్లి, చల్లబడి బిగుసుకుపోయిన క్లాజెట్ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.