గల్లీ మలుపులో మైకు

కేసముద్రంలో నా ఆటోకు మైకు కట్టి బాబామియా దుకాణాల ప్రకటనలు చెప్పేవాడు. "ఒక్కతీరుగ చెప్తే ఎవడింటడు, రమాకాంత్? మొదలు అడగాలె. తర్వాత చెప్పాలె. ఆఖరికి పిలవాలె," అనేవాడు. "అక్కా, పండుగకు చీర కొన్నవా? కొత్త సరుకొచ్చింది. జర వచ్చి చూసి పో," అనగానే జనం నవ్వుకుంటూ తలుపులు తీసేవారు.

తన గల్లీ మలుపు తిరగగానే మాత్రం ప్రకటన ఆపి, "హసీనా, చాయ్ పెట్టినవా?" అని మైకులోనే అడిగేవాడు. ఆయన భార్య కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, సిగ్గులేని ముసలోడని తిడుతూ మా ఇద్దరికీ చాయ్ తెచ్చేది.

నిన్న తెల్లవారేసరికి హసీనా చనిపోయింది. ఆ కబురు ఊరికి తానే చెబుతానని బాబామియా ఆటో ఎక్కాడు. నాకు ఒళ్లు మండింది.

"ఇంటికాడ కూసోక గిదేం పని, చాచా? ఇంకెవలన్న చెప్తరు గద," అన్నాను.

వినలేదు. ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు, పిలవలేదు. "నా భార్య హసీనా చనిపోయింది. మధ్యాహ్నం నమాజు అయినంక మట్టి." ప్రతి వీధిలో అవే మాటలు, ఒకే గొంతు. అయినా తలుపులన్నీ తెరుచుకున్నాయి.

చివరికి వాళ్ల గల్లీ మలుపు తిరిగాం. ఇంటి ముందు జనం నిలబడి ఉన్నారు. నోటికి అలవాటైన మాట మైకులోంచి వచ్చేసింది.

"హసీనా, చాయ్ పెట్టినవా?"

నేను గబుక్కున మైకు ఆపబోయాను. బాబామియా నా చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఆగు బేటా. తిట్టనియ్యి," అన్నాడు.