కింది వాటాలో కొత్త ఫోను

పొద్దున్నే కూతుర్ని బడికి పంపి చిన్నకోడలు కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. మేడ మీద పెద్దకోడలు ఫోను ముందు కూర్చుంటుంది. ఎవరి డ్యూటీ వాళ్లది.

కింది వాటా గోడలు మరీ మందం, సెల్లుకి సిగ్నలందదు. అందుకని బట్టలు కుట్టించుకునేవాళ్లంతా మేడ మీది నంబరుకే చేసేవాళ్లు. పెద్దకోడలు రిసీవరెత్తి, అవతలివాళ్ల మాట చెవినపడకముందే, "ఆవిడ లేదండీ, ఎప్పుడొస్తుందో తెలీదు" అని పెట్టేసేది. తోడికోడలు నాలుగు డబ్బులు వెనకేసుకుంటే ఇంట్లో తన మాట చెల్లదని ఆవిడ బెంగ. రాంగు నంబరుకి కూడా అదే సమాధానం చెప్పేంతగా నోటికి అలవాటైపోయింది.

ఆ ఇంట్లో ఫోనులో అన్నమాట ఊరికే పోదు. లేదన్నప్పుడల్లా చిన్నకోడలు కొంచెం కొంచెంగా లేకుండా పోతోంది. ముందు అద్దంలో మొహం, గోడ మీద నీడ పలచబడ్డాయి. తర్వాత కూరగాయలవాడు ఆమె చేతిసంచీతోనే బేరమాడాడు. మొగుడు పేపరు పట్టుకొచ్చి సరాసరి ఆమె ఒళ్లో కూర్చుని, "ఈ కుర్చీ ఎత్తు పెరిగిందేంటే?" అన్నాడు. ఇరుగుపొరుగు మాత్రం, "పాపం, మనిషి బాగా తగ్గింది, సరిగ్గా తినదు" అని ఊరుకున్నారు.

ఇవన్నీ ఓర్చుకుంది. ఒకరోజు జడ వేస్తుంటే కూతురు, "నాన్నా, అమ్మేది?" అని అడిగింది. పిల్ల జడపాయలు ఇంకా తన చేతిలోనే ఉన్నాయి. చిన్నకోడలికి ఒళ్లు భగ్గున మండింది. మేడ మీది ఆవిడ అంతు చూడందే వదలకూడదనుకుంది.

"నాకు కిందికి వేరే ఇంటర్నెట్ ఫోను కావాలి, తీగతో వచ్చేది" అంది మొగుడితో.

"పెట్టించుకో. వదినకి చెప్పావా?" అన్నాడు, ఆమె లేని వైపు చూస్తూ.

ఫోను కంపెనీకి దరఖాస్తు నింపుతూ ఆ మహానుభావుడు అలవాటుకొద్దీ మేడ మీది నంబరే ఇచ్చాడు. ఖరారు చేసుకుందామని కంపెనీవాళ్లు ఫోను చేశారు. మేడ మీంచి ఆవిడ లేదన్నారు. కంపెనీ దరఖాస్తు కొట్టేసింది. చిన్నకోడలికి చేతులు మోచేతుల దాకా మాయమైపోయాయి.

ఈసారి తనే కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. గుమస్తా ఆమె పక్కనున్న ఖాళీ కుర్చీకి నమస్కారం పెట్టి, "మా రౌటరే తీసుకోండి మేడం, మేడ మీద బిగించేస్తాం" అన్నాడు.

"ఆ మేడ సంగతి నాకు తెలుసు. రౌటరు నాది, నా గదిలోనే ఉంటుంది. తీగ నా కిటికీలోంచి లాగండి. ఫోనుకి యూజర్ నేమూ పాస్‌వర్డూ ఇచ్చేస్తే రౌటర్లో నేనే ఎక్కించుకుంటాను."

"సొంత రౌటరైతే మాకు పూచీ లేదండి."

"నాకు పూచీ ఎందుకు? ఫోను కావాలి."

ఫోను సాకెట్టున్న రౌటరూ ఒక ఫోనూ కొనుక్కొచ్చి మిషను బల్ల మీదే పెట్టింది. మొదట ఫోను వైరు వేరే కంతలో దూర్చింది. పాస్‌వర్డులో ఒక అక్షరం తప్పు కొట్టి కంపెనీని తిట్టింది. చివరికి ఆకుపచ్చ దీపం వెలిగి, రిసీవర్లో గుయ్యిమని మోత వినబడింది. పాత ఖాతాదారు ఒకావిడకి చేసి, "నేనేనండీ, ఇంట్లోనే ఉన్నాను" అంది. చేతులు వచ్చేశాయి. వారం తిరిగేసరికి ఊళ్లోవాళ్లందరికీ ఆ మాటే చెప్పి, మొహమూ నీడా వెనక్కి తెచ్చుకుంది. కూతురు బడి నుంచి వచ్చి తిన్నగా ఆమె మెడకి చుట్టుకుంది.

ఇంకొకరైతే అక్కడితో ఆగేవాళ్లు. ఆమె మేడ మీది నంబరు నొక్కింది.

గొంతు మార్చలేదు. "పెద్దకోడలు గారున్నారా అండీ?" అంది నింపాదిగా.

"ఆవిడ లేదండీ, ఎప్పుడొస్తుందో తెలీదు."

గుండీ కుట్టినప్పుడల్లా ఒకసారి చేసింది. చాలా గుండీలు కుట్టింది. ఒకసారి కూడా ఆ నోరు తడబడలేదు. కొన్నాళ్లకి బావగారు పెళ్లాం లోపలుండగానే బయట తాళం వేసుకుని పనికి వెళ్లిపోయారు. సాయంత్రం తలుపు తీసి, ఒక్క పళ్లెమే కడుక్కుని తిన్నారు.

ఒక మధ్యాహ్నం మెట్ల మీంచి పెద్దకోడలి గొంతు మాత్రం దిగొచ్చింది.

"చెల్లీ, ఒక్కసారి ఫోను చేసి నన్నడగవే. నోరు దగ్గర పెట్టుకుని ఉన్నానని చెబుతాను."

"మీరే ఎవరికైనా చేసి చెప్పుకోండి అక్కయ్యా."

గొంతు ఇంకో మెట్టు దిగింది. "ఎవరికని చెయ్యను? ఆ ఫోనుకి వచ్చినవన్నీ నీకోసం వచ్చినవే. నన్నడిగినవాళ్లు ఒక్కరూ లేరు."

నిజం చెప్పాలంటే చిన్నకోడలి చెయ్యి ఫోను దాకా వెళ్లింది. రిసీవరెత్తి, బల్ల మీద పక్కకి పడుకోబెట్టింది.

"సాయంత్రం చూద్దాం లెండి. ఇప్పుడు లైను ఖాళీ లేదు" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది.