నలభై సెకన్లు నిలబడే మనిషి

రోవీనా కాస్ప్రాక్ పదకొండేళ్లుగా పిట్స్‌బర్గ్ వంతెనలను రాత్రిపూట ఫొటోలు తీస్తోంది. వాటిలో ఒక్క మనిషి కూడా లేడు.

కెమెరా కన్ను నలభై సెకన్లు తెరిచి ఉంచితే వంతెన మీది కార్ల లైట్లు తెగని గీతలుగా పడతాయి. నడిచే మనిషి ఏ చోటా రెండు సెకన్లు ఆగడు. అందుకని అసలు పడడు.

మంగళవారం చర్చి కింది గదిలో కెమెరా క్లబ్ సమావేశమైంది. లైబ్రరీ గోడకు పన్నెండు ఫొటోలు ఎంచాలి. ఎంచే పని లెనర్డ్ హాబ్ అనే పెద్దాయనది. రోవీనా ఫొటోలను బల్ల మీద పరిచి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టాడు.

“ఏమ్మా, ఊరంతా ఖాళీ చేయించి తీశావా? మనుషులేరీ?”

“కదిలేవాళ్లు పడరు లెనర్డ్. నీకు తెలీదా?”

“అయితే కదలనివాణ్ణి ఒకణ్ణి నిలబెట్టు. ఖాళీ వంతెనలు ఇప్పటికే నాలుగొచ్చాయి. ఐదోది కూడా పెడితే లైబ్రరీని కాంట్రాక్టరు ఆఫీసనుకుంటారు. ఆదివారంలోగా ఒక్క మనిషిని తీసుకురా, గోడ మీద నీకో చోటు ఆపుతాను.”

అందరూ నవ్వారు. రోవీనా కూడా నవ్వింది. పదకొండేళ్లలో ఆమె ఫొటో ఒక్కటీ ఆ గోడ ఎక్కలేదు.

ఇంటికి వెళ్లి ఫోన్‌లో పేర్లు చూసింది. అక్క ఎక్కడో దూరాన టూసాన్‌లో ఉంటుంది. మిగిలినవి పళ్ల డాక్టరు, అపార్ట్‌మెంట్ మేనేజరు, రెండు మందుల షాపులు. ఆస్పత్రి డాక్టర్లు రికార్డు చేసి పంపే నోట్సును ఇంట్లో కూర్చుని టైపు చేయడం ఆమె ఉద్యోగం. రోజూ ఆరుగురి గొంతులు వింటుంది. ఆమె గొంతు ఆ ఆరుగురిలో ఎవరికీ తెలియదు.

గురువారం టైమర్ పెట్టి, తనే వెళ్లి రెయిలింగ్ పక్కన నిలబడింది. ఫొటో బాగానే వచ్చింది. కానీ తన ఆకుపచ్చ కోటు క్లబ్‌లో అందరికీ తెలుసు. చెరిపేసింది.

శనివారం రాత్రి కొండ మీద, బస్సు చివరి స్టాపు దగ్గర కెమెరా స్టాండు వేసింది. అక్కడి రెయిలింగ్ మీద స్టాపు దీపం వెలుగు పడుతుంది. దాని వెనక నది, వంతెన కనిపిస్తాయి. తొమ్మిదీ ముప్ఫై రెండుకు బస్సు వచ్చింది. తొమ్మిదీ నలభై రెండుకు మళ్లీ కిందికి బయల్దేరాలి. డ్రైవరు ఫ్లాస్కు పట్టుకుని దిగాడు. అరవై ఏళ్లుంటాయి.

రోవీనా రెండడుగులు వేసి ఆగింది. తర్వాత అడిగింది.

“సార్, ఒక సాయం కావాలి. ఈ రెయిలింగ్ దగ్గర నలభై సెకన్లు నిలబడతారా? కదలకుండా.”

“ఎనిమిది గంటలు కదలకుండా కూర్చుని వచ్చాను మేడమ్. ఇప్పుడు నిలబడి కూడా కదలకూడదా?” అన్నాడాయన. “మిమ్మల్ని ఇక్కడ చూస్తూనే ఉంటాను. పక్షుల కోసమనుకున్నా.”

“రాత్రిపూట పక్షులేంటండీ?”

“అదే కదా, పిచ్చావిడేమో అనుకున్నా. నా పేరు డెల్బర్ట్.”

“రోవీనా. రెయిలింగ్‌కు ఆనుకోండి, ఊగకుండా ఉంటారు. నా వైపు చూడొద్దు, వంతెన వైపు చూడండి.”

ఎపర్చర్ పదకొండు, వెలుగును పట్టే ఐఎస్ఓ వంద. కెమెరా వైరు చివర బటన్ నొక్కి పట్టుకుని చేతి గడియారం చూసింది. డెల్బర్ట్ మనవరాలి గుమ్మడికాయ కథ మొదలుపెట్టాడు. ఆపలేదు.

నలభై అయ్యాక బటన్ వదిలింది. తెర నల్లగానే ఉంది.

“ఏదీ, చూపించండి.”

“కన్ను ఎంతసేపు తెరిస్తే మళ్లీ అంతసేపూ మూసుకుని, ఫొటోలో పడ్డ మచ్చలు తుడుచుకుంటుందండీ ఈ కెమెరా. ఇంకో నలభై.”

“అప్పటిదాకా మీరేం చేస్తారు?”

“ఏమీ చెయ్యను. నిలబడతాను.”

ఫొటో వచ్చింది. ఒంటి మీద తల ఉండాల్సిన చోట పొగలాంటిది ఉంది. అందులోంచి వంతెన దీపాలు కనిపిస్తున్నాయి.

“ఇది నేనా? మా ఆవిడ చూస్తే పీడా పోయిందంటుంది.”

రోవీనా ఐఎస్ఓ నాలుగు వందలకు పెంచి, సమయం పది సెకన్లకు తగ్గించింది. ఈసారి మనిషి స్పష్టంగా పడ్డాడు. వంతెన మీద మాత్రం గీత లేదు, ముక్కలున్నాయి. తెరను వేలితో పెద్దది చేసి చూస్తూ ఉండిపోయింది.

“నేను బాగానే ఉన్నానుగా?”

“మీరు బాగున్నారు. వంతెన చెడింది.”

“మీకు ఏది కావాలి, నేనా, వంతెనా?”

“రెండూ.”

ఆయన ఫ్లాస్కు మూత బిగించి రెయిలింగ్‌కు ఆనుకున్నాడు. “అయితే నలభయ్యే పెట్టండి. నోరు మూసుకుంటాను.”

మళ్లీ ఐఎస్ఓ వంద. మళ్లీ నలభై. బటన్ నొక్కేటప్పటికి తొమ్మిదీ నలభై రెండు కావస్తోంది. పదిహేనో సెకను దగ్గర బస్సులోంచి ఒకావిడ కేక వేసింది.

“ఏం సార్, బస్సు నడిపే ఉద్దేశం ఉందా, ఫొటోలు దిగుతూనే ఉంటావా?”

జవాబు రాలేదు. రోవీనా గడియారం ముల్లు మీద నుంచి కళ్లు తీయలేదు. ఇరవై. ముప్ఫై. ఆయన వెళ్లిపోతే ఫొటోలో సగం మనిషే మిగులుతాడు. అడుగుల చప్పుడు వినిపించలేదు. నలభై.

“అయిపోయింది. థాంక్సండీ.”

“తల ఉందో లేదో చూసుకోండి,” అంటూ డెల్బర్ట్ బస్సెక్కాడు. “వస్తున్నానమ్మా, వస్తున్నా, ఇల్లేం పారిపోదు,” అనడం వినిపించింది. తలుపులు మూసుకున్నాయి. కెమెరా ఇంకా మచ్చలు తుడుచుకుంటూనే ఉంది. బస్సు మలుపు తిరిగాక తెర వెలిగింది.

వంతెన మీద గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా ఉంది. మనిషి నిండుగా ఉన్నాడు. తల ఉంది. లెనర్డ్ అడిగిన ఫొటో అదే.

ముఖాన్ని పెద్దది చేసింది. ఆయన వంతెన వైపు చూడలేదు. రెప్పపాట్లు పడలేదు, కళ్లు పడ్డాయి. అవి కెమెరాకు కొద్దిగా పైన, ఆమె నిలబడ్డ చోటును చూస్తున్నాయి. నలభై సెకన్లూ అక్కడే ఉంటే తప్ప కళ్లు అంత స్పష్టంగా పడవని ఆమెకు తెలుసు. ఆ నలభై సెకన్లూ తను గడియారం చూసింది.

తెర దానంతటదే ఆరిపోయింది. నాలుగు నిమిషాల తర్వాత కింద వంతెన మీదికి బస్సు వచ్చింది. కార్లు తక్కువగా ఉన్నాయి, ఇప్పుడు తీస్తే బస్సు లైట్లు ఒక్కటే గీతగా పడతాయి. రోవీనా వైరును జేబులో పెట్టుకుని, బస్సు అవతలి ఒడ్డు చేరేదాకా చూసింది.