యంత్రానికి ముదురాకు

కొషియాబురా చెట్టుకు చిగురు వచ్చిందంటే చాలు, ఆ కొండ ఊళ్లో ఆడవాళ్ల నడుము నొప్పులు వాటంతటవే మాయమవుతాయి. చలికాలమంతా మూలుగుతూ మంచం పట్టుకుని కూర్చున్న షిగెనో, డెబ్బై రెండేళ్ల మనిషి, ఏప్రిల్ ఆఖరున ఒక రోజు పొద్దు పొడవగానే బుట్ట నడుముకు కట్టుకుని కొండెక్కేసింది.

మంచి చిగుళ్లు ఎక్కడుంటాయో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ ఊళ్లో ఎవరి చోటు వాళ్లది, కట్టుకున్నవాడికి కూడా చెప్పరు. షిగెనో మొగుడు నలభై ఏళ్లు ఆ చిగుళ్లు లొట్టలేసుకుంటూ తిన్నాడు. అవి ఎక్కడివో తెలియకుండానే పోయాడు.

అణు విద్యుత్ కేంద్రం పేలినప్పుడు ఊరు ఊరంతా ఖాళీ చేసింది. ఆరేళ్లు ఎక్కడో రేకుల గదుల్లో బతికి తిరిగొచ్చారు. వచ్చినవాళ్లు పదిళ్లకు ఇద్దరు, వాళ్లూ నెరిసిన తలలే. ప్రభుత్వం ఇళ్ల చుట్టూ ఇరవై మీటర్ల మేర రేడియేషన్ పడిన పైమట్టి గీకించి నల్ల సంచుల్లో కట్టించింది. ఆ గీత దాటితే అడవి ఎలా ఉన్నది అలాగే వదిలేసింది. అడవినంతా గీకడం ఎవరి తరం?

అందుకే ఊరి ఆఫీసులో రేడియేషన్ కొలిచే యంత్రం పెట్టారు. ఏం కోసినా ముందు అక్కడికి తీసుకుపోవాలి. సన్నగా తరిగి అరకిలో డబ్బాలో కూరితే అరగంటలో అంకె చెబుతుంది. ఆ కొలతను బెక్వెరెల్లు అంటారు; కిలోకు వంద దాటితే తినకూడదు. తరిగిన ఆకు మాత్రం తిరిగి రాదు, చెత్తలోకే పోతుంది.

షిగెనోకు మింగుడు పడనిది ఈ చివరి సంగతే. పొద్దున్నే మోకాళ్లు అరగదీసుకుని కోసిన లేత చిగుళ్లను ఇనప పెట్టె నోట్లో పోయాలా? దానికేమైనా రుచి తెలుస్తుందా? అందుకని లేతవి పక్కన పెట్టి, తన పెరటి గోడ పక్కనున్న చెట్టు నుంచి విచ్చుకుపోయిన ముదురాకు దూసి దాన్నే యంత్రానికి పెట్టేది. మోసం చేస్తున్నానని ఆమె ఒక్క క్షణం కూడా అనుకోలేదు. చెట్టు అదే జాతి, కొండ అదే కొండ. మంచివి మనుషులకు, మిగిలినవి యంత్రానికి అన్నది ఆమె లెక్క. పెరటి చెట్టు గీకిన నేలలో ఉందనీ, కొండ మీది చెట్లు గీకని నేలలో ఉన్నాయనీ ఆ బుర్రకు తట్టలేదు. ఆ వయసులో అంత చురుకుగా కొండెక్కే మనిషికి ఇంత చిన్న సంగతి ఎందుకు తట్టలేదంటే, తినేవాళ్లకు మంచిది పెట్టాలన్న బుద్ధి ఆలోచన కన్నా ముందే పని చేస్తుంది.

ఆ రోజు యంత్రం అరవై నాలుగు చూపించింది.

"వంద లోపే వచ్చింది, అదృష్టవంతులు," అంది కొలిచే ఉద్యోగిని నిహెయ్, చీటీ చింపి ఇస్తూ. "రేపటి నుంచి కొత్త యంత్రం వస్తోంది షిగెనో గారూ. తరగక్కర్లేదు. కొలిచి మీవి మీకే ఇచ్చేస్తాం."

"పదేళ్లకు బుద్ధొచ్చిందన్నమాట మీ ఆఫీసుకు," అంది షిగెనో.

ఆ చీటీని లేత చిగుళ్ల కట్టకు దారంతో కట్టి, నేరుగా హిసాయో ఇంటికి వెళ్లింది. రేకుల గదుల్లో ఆరేళ్లూ వాళ్లిద్దరివీ పక్కపక్క గదులు, మధ్య గోడ అట్ట ముక్కంత. ఒకరు దగ్గితే ఇంకొకరు మంచినీళ్లు తాగేవాళ్లు. హిసాయో కూతురు కనాయె పెళ్లి చూపులప్పుడు కట్టుకున్న కిమోనో కూడా షిగెనోదే. ఇప్పుడా పిల్లకు నాలుగో నెల. సెందాయ్ పట్నం నుంచి పుట్టింటికొచ్చి పది రోజులైంది, గంజి కూడా కడుపులో నిలవడం లేదు.

కనాయె గుమ్మంలోకి వచ్చి కట్ట అందుకుంది. ముందు చీటీ చదివింది. ఊళ్లో నీళ్లు కూడా తాగకుండా కొన్న సీసా నీళ్లే తాగుతోంది ఆ పిల్ల. "అరవై నాలుగేనా పెద్దమ్మా?" అంది.

"అబద్ధమైతే ఆ పెట్టెనడుగు," అంది షిగెనో నవ్వుతూ.

సాయంత్రం హిసాయో ఫోను. "ఏమే షిగె, ఏం మందు పెట్టావే దీనికి? పిండిలో ముంచి వేయించి ఇస్తే పద్నాలుగు తిన్నది. ఇంకా ఉన్నాయా అని అడిగింది. వాంతి లేదు, ఏం లేదు. ఇప్పుడు గుర్రు పెట్టి నిద్రపోతోంది."

ఫోను పెట్టేశాక షిగెనో చాలాసేపు ఒంటరిగా కూర్చుని నవ్వుకుంది. మొగుడు పోయిన తరువాత అంత సంతోషం ఆమెకు మళ్లీ కలగలేదు.

మర్నాడు మిగిలిన లేత చిగుళ్లు పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. పాడు కానప్పుడు మంచివి పెడితేనేం? నిహెయ్ వాటిని ఉన్నవి ఉన్నట్టే కొత్త యంత్రంలో పెట్టింది. అంకె వచ్చాక ఒకసారి మళ్లీ కొలిచింది. తరువాత కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"షిగెనో గారూ, ఇవి నిన్నటి చోటివేనా?"

"నిన్న నీకిచ్చినవి మా పెరటివి. ఇవి కొండవి. ఎందుకు?"

"ఎనిమిది వేల నాలుగు వందలు."

షిగెనోకు మొదట ఆ అంకె అర్థం కాలేదు. అర్థమయ్యాక, కనాయె చీటీ చదువుతున్న ముఖమే కళ్ల ముందు నిలిచింది. జరిగిందంతా చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా.

నిహెయ్ కాగితం మీద ఏదో లెక్క వేసింది. "ఒక్క పూట తిన్నదానికి బిడ్డకేమీ కాదు. ఏ డాక్టరైనా అదే అంటాడు. నిజంగా ఏమీ కాదు."

"అయితే చెప్పక్కర్లేదా?"

"అది నన్నడక్కండి," అంది నిహెయ్ తల దించుకుని. "నేను అంకెలు చెప్పేదాన్ని."

రెండు రోజులు షిగెనోకు తిండి సయించలేదు. చెప్పకపోతే ఏమీ కాదు, ఎవరికీ తెలియదు. కాని హిసాయో రోజూ ఫోను చేసి, కనాయె ఇవాళ అన్నం తిన్నది, ఇవాళ చేప తిన్నది అని చెబుతుంటే, ఊఁ కొడుతున్న తన గొంతు తనకే అసహ్యంగా వినిపించేది. మూడో రోజు హిసాయో ఇంటికి వెళ్లింది. తల్లీ కూతుళ్లిద్దరూ లోపలికి రమ్మన్నా వెళ్లలేదు. చెప్పులు విడిచే చోటే సిమెంటు నేల మీద మోకాళ్లు ఆనించి, నుదురు గడపకు తగిలేలా వంగి చెప్పింది.

కనాయె కోప్పడలేదు. "ఎంత?" అని అడిగింది. షిగెనో అంకె చెప్పింది. పద్నాలుగు చిగుళ్లు ఎన్ని గ్రాములుంటాయని అడిగింది. ఎనభై ఉండొచ్చంది షిగెనో. ఆ పిల్ల ఫోనులో హెచ్చవేసుకుంది.

"ఒక్క పూటకు ఏమీ కాదన్నారమ్మా ఆఫీసులో," అంది షిగెనో.

"తెలుసు పెద్దమ్మా. నేనూ చదివాను అవన్నీ." ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకునే, ఎంతో మర్యాదగా వంగింది. "చెప్పినందుకు చాలా సంతోషం."

లోపలికి వెళ్లింది. కాసేపటికి వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. మూడు రోజుల కిందట తిన్నది ఇప్పుడు ఎలా వస్తుంది? అయినా ఆగకుండా కక్కుతూనే ఉంది. హిసాయో కూతురి దగ్గరికి పరుగెత్తింది. ఆ సాయంత్రమే అల్లుడు కారు వేసుకుని వచ్చి కనాయెను తీసుకుపోయాడు.

ఆ తరువాత హిసాయో ఫోను రాలేదు. షిగెనో చేస్తే ఎత్తలేదు. దుకాణంలో ఎదురుపడితే ఎండ గురించి, వాన గురించి కొత్తవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడి తప్పుకునేది.

అక్టోబరులో కనాయెకు ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు, ఏ లోపమూ లేదు. ఆ సంగతి షిగెనోకు చెప్పింది హిసాయో కాదు, నిహెయ్. వినగానే షిగెనోకు ఏడుపొచ్చింది. ఇంటికెళ్లి మంచి బట్టలు కట్టుకుని, శుభవార్తకు వండినట్టు ఎర్ర చిక్కుడు గింజలు వేసి అన్నం వండబోయి, ఆగి, ఏమీ పట్టుకెళ్లకుండానే హిసాయో ఇంటికి బయలుదేరింది.

హిసాయో తలుపు తీసింది గాని లోపలికి రమ్మనలేదు. ఆరు నెలల్లో మనిషి సగమైంది.

"పిల్ల బాగుందట కదే," అంది షిగెనో. "నాకు ప్రాణం లేచొచ్చినట్టుంది."

"బాగుంది. నువ్వు చెప్పకపోయినా బాగుండేదే."

షిగెనో ఏదో అనబోయింది.

"నన్ను చెప్పనీ," అంది హిసాయో. గొంతు పెంచలేదు. "ఆరు నెలలు అది నిద్రపోలేదు. బిడ్డ కదిలితే భయం, కదలకపోతే భయం. ఎనిమిదో నెలలో గదిలోంచి బయటికి రావడం మానేసింది. ఇప్పుడు పిల్లను ఎత్తుకోదు. తన ఒంట్లో ఏ విషముందోనట. పాలివ్వదు. మా అల్లుడే డబ్బా పాలు పడుతున్నాడు."

"దాచడం తప్పనిపించిందే. నాకు కూడు దిగలేదు."

"అవునే. నీకు కూడు దిగలేదు. అందుకని తెచ్చి దాని నెత్తిన పెట్టి వెళ్లావు. నాతో చెప్పొచ్చుగా? నేను మోసేదాన్ని. ఛస్తే దానికి తెలియనిచ్చేదాన్ని కాదు."

అన్ని నెలల్లో షిగెనో ఒక్కసారి కూడా అలా అనుకోలేదు. ఆ రోజు గడపలో నుదురు ఆనించినప్పుడు ఎదురుగా తల్లీ కూతుళ్లిద్దరూ ఉన్నారు. కాసేపు ఆగి హిసాయోను పక్కకు పిలిస్తే సరిపోయేది. తన గుండె తేలికపడాలన్న తొందరలో ఎవరి ముందు చెబుతున్నదీ చూసుకోలేదు.

"నువ్వు దించుకున్నావు," అంది హిసాయో. "అది ఇంకా మోస్తోంది."

తలుపు మెల్లగానే వేసుకుంది. షిగెనో అక్కడే నిలబడి లోపల హిసాయో ఫోనులో మాట్లాడుతున్న గొంతు విన్నది. కూతుర్ని బతిమాలుతోంది, ఒక్కసారి పిల్లను ఎత్తుకోమ్మా, ఒక్క నిమిషం, నేను ఫోను పెట్టనులే అని.