అణా టికెట్టు

అడుగున చిల్లులు పొడిచిన సున్నం డబ్బాని ఊపుకుంటూ మత్తయ్య మైదానం మీద గీత లాగుతున్నాడు. ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవు కాబట్టి ప్రతి వారం గీత కాస్త ఎడమకి జరుగుతుంది. ప్రతి వారం దాన్ని కాలితో చెరిపి, తనను తానే తిట్టుకుని, మళ్ళీ గీస్తాడు. ఈ ఆదివారం మూడు చోట్ల ఆగాడు. ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. పొద్దున పెళ్ళాం భాగమ్మ జొన్న గటక గిన్నె ముందు పెట్టి, "జర ఆస్పత్రికి పోయి రారాదు? ఇయ్యాల ఒక్కరోజు నువ్వు లేకుంటె ఆట ఆగుతదా?" అంది. ఆగుతుందనే అతని నమ్మకం.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, తాండూరు నాపరాయి గనుల కాంట్రాక్టరు బాలప్పకి హాకీ పిచ్చి పట్టింది. రద్దయిన పటాలం సామాను హర్రాజులో ఇరవై కర్రలు కొన్నాడు. గనిలో రాళ్ళు కొట్టే కుర్రాళ్ళని ఆరుగురిని, వికారాబాదు నుంచి రైల్లో వచ్చేవాళ్ళని అయిదుగురిని తీసుకుని జీతాలిచ్చి ఆడించడం మొదలుపెట్టాడు. జీతాలు టికెట్ల మీద రావాలి. ఆ టికెట్లు అమ్మడానికి, చింపడానికి, గీతలు గీయడానికి, గోనెపట్టాల తెర కట్టడానికి, బండ పడి కాలి వేళ్ళు పోయిన మత్తయ్య దొరికాడు.

మొదట్లో టికెట్టు నాలుగణాలు. మూడొందల మంది వచ్చేవాళ్ళు. ఒక ఏడు వానలు లేక జనం తగ్గారు. బండలు తక్కువ అమ్ముడైతే ఉన్నవాటి మీదే ఖర్చు రాబట్టుకోవాలన్నది బాలప్ప నేర్చిన వ్యాపారం. టికెట్టుని ఆరణాలు చేశాడు. జనం సగమయ్యారు. ఎనిమిదణాలు చేశాడు. నలభై మంది మిగిలారు. ఆ నలభై మందిలో పదిహేను మంది బాలప్ప బంధువులు, వాళ్ళు టికెట్టు కొనరు.

మరి ఊళ్ళో హాకీ మీద మోజు పోయిందా అంటే అదీ లేదు. మైదానం పక్కనే బాలప్ప అమ్ముడుపోని బండలు దొంతులుగా పేర్చి ఉన్నాయి. ఆట మొదలయ్యేసరికి టికెట్టు లేకుండా చూసేవాళ్ళతో ఆ దొంతుల మీద కాలు పెట్టే చోటుండదు. బాలప్ప తెర ఎత్తు పెంచమంటాడు. మత్తయ్య మూరెడు పెంచుతాడు. పై వారానికి దొంతి మీద ఇంకో నాలుగు బండలు ఎక్కుతాయి. ఒకరి రాళ్ళు, ఒకరి గోనెపట్టాలు, నడుమ మత్తయ్య నడుం. ఈ తమాషా రెండేళ్ళుగా సాగుతోంది. బుర్ర ఉన్న మనిషికి విసుగు రాక ఏం చేస్తుంది?

గీతలు అయ్యాక మత్తయ్య బాలప్ప ఇంటికి వెళ్ళి అరుగు కింద నిలబడ్డాడు.

"సేటు, ఎనిమిదణాలంటె సగం రోజు కూలి. పొద్దంత బండలు మోసినోడు గన్ని పైసలు పెట్టి ఆట జూస్తడా? అణా పెట్టుండ్రి. నాలుగొందల మంది రాకుంటె నన్నడుగుండ్రి."

బాలప్ప తమలపాకు ఈనె తీస్తూ తలెత్తలేదు. "గేటు కాడ కూసునేటోనివి, నాకు యాపారం జెప్తవా? ఇయ్యాల ఆడనీకి వచ్చే గుల్బర్గోళ్ళ రైలు కిరాయి ఎవడిస్తడు? ఇయ్యాల పది అణాలు రాయి. నూరు మంది గిట్ట రాకుంటె గిదే ఆఖరు ఆట. గోలు కట్టెలు పొయ్యిలకు పోతయ్, పోరగాండ్లు మళ్ళ గనికి పోతరు."

జనం రావడం లేదంటే రేటు పెంచుతాడేమిటి ఈ మనిషి! గని అనగానే దేవప్ప గుర్తొచ్చాడు. ముందు వరసలో ఆడే దేవప్ప, మత్తయ్యకి గనిలో జోడీగా పనిచేసిన భీమప్ప కొడుకు. మత్తయ్య కాలి వేళ్ళు తిన్న బండే భీమప్పని పూర్తిగా తినేసింది. ఆ పిల్లవాడు మళ్ళీ ఆ గోతిలో దిగడం మత్తయ్య చూడలేడు.

గేటు దగ్గర రేటు రాయడానికి ఒక నల్లటి నాపరాయి నిలబెట్టి ఉంది. మత్తయ్య గుడ్డ తడిపి పాత ఎనిమిదణాలని తుడిచాడు. తడి సున్నంలో వేలు ముంచి, మిషను బడిలో మూడో తరగతి దాకా దిద్దిన అక్షరాలతో పెద్దగా 'అణా' అని రాశాడు. ఛాతీ మళ్ళీ పట్టేసింది. రాయికి ఆనుకుని కాస్త ఊపిరి తీసుకుని లేచాడు.

మూడింటికి బండలెక్కడానికి పోతున్న జంగమ్మ, గనిలో రాళ్ళు మోసే మనిషి, ఆ రాయి ముందు ఆగింది.

"అణానా? నిజంగనా మత్తన్నా?"

"సున్నం గనవడ్తలేదా?"

"గా మాట ముందుగాల జెప్తె ఎప్పుడో కింద కూసుంటుంటిమి గదనె! బండల మీద నడుములు పోతున్నయ్." కొంగు ముడి విప్పి అణా తీసింది. వెనక్కి తిరిగి దొంతుల వైపు ఒక్క కేక పెట్టింది.

బండల మీది జనమంతా దిగి వచ్చారు. మత్తయ్యకి చింపి చింపి వేళ్ళు నొప్పి పుట్టాయి. నాలుగున్నరకి నాలుగు టికెట్ల పుస్తకాలు అయిపోయాయి. అయిదోదాంట్లో నాలుగే మిగిలాయి.

ఆట సగమయ్యాక బాలప్ప జీపు దిగాడు. నాపరాయిని చూశాడు. లోపలి జనాన్ని చూశాడు. ఆ జనాన్ని ఏమీ అనలేక మత్తయ్య మీద పడ్డాడు.

"ఎవణ్ణడిగి రాసినవ్?"

"నూరు మంది గావాలంటిరి గద సేటు. లెక్కవెట్టుకోండ్రి."

"ఆట ఉంటది. నువ్వుండవ్. రేపటిసంది గేటు కాడ కనవడకు."

మత్తయ్యకి కోపం రావలసింది. తేలిగ్గా అనిపించింది. స్టూలు మీంచి లేచి, జేబులోంచి సొంత అణా తీసి డబ్బాలో వేశాడు. ఒక టికెట్టు చింపి, సగం తానే తీసుకుని లోపలికి నడిచాడు. ఆరేళ్ళలో అతను ఒక్క గోలూ చూడలేదు. దొంగతనంగా దూరేవాళ్ళ కోసం అతని స్టూలు ఎప్పుడూ రోడ్డు వైపే ఉండేది. అరుపుని బట్టి గోలు ఎవరిదో చెప్పేవాడు, అంతే.

జంగమ్మ జరిగి చోటిచ్చింది. దేవప్ప బంతిని ఎడమ అంచున, మత్తయ్య వంకర గీత వెంబడే తీసుకొచ్చాడు. ఒకణ్ణి తప్పించాడు, ఇంకొకణ్ణి తప్పించాడు, కొట్టాడు. నాలుగొందల మంది లేచి అరిచారు. మత్తయ్య లేవలేదు. నవ్వు ముఖంతో వెనక తెర గుంజకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు.

ఆట అయ్యాక దేవప్ప కర్ర భుజాన వేసుకుని వచ్చి, "కాకా, జూసినవా?" అని భుజం తట్టాడు. అప్పుడు తెలిసింది, మనిషిలో ఊపిరి లేదని.

మర్నాడు భాగమ్మని పలకరించి వస్తూ బాలప్ప గేటు దగ్గర ఆగాడు. పై వారానికి రేటు ఎంత రాయాలని ఎవరో అడుగుతుండగానే జీపెక్కాడు. తుడవమని చెప్పలేదు. ఎవరూ తుడవలేదు. నల్లటి నాపరాయి మీద సున్నం గట్టిగా ఆరిపోయింది. పెద్ద 'అణా', చివర వేలు ఆనించి తీసిన చోట మత్తయ్య వేలిముద్ర.