ముంగటి సీటు

ఎల్లారెడ్డి బస్టాండ్ దగ్గర లక్ష్మణ్ కనబడితే దోస్తులు "గోల్డన్న వచ్చిండు" అని నవ్వుతారు. అతనిది బంగారం వ్యాపారం కాదు. దుబాయిలో బిల్డింగులు కట్టే ఒక కంపెనీలో కార్మికుల క్యాంపు చూసుకుంటాడు. రోగం వచ్చినవాళ్లను, పనిలో దెబ్బలు తగిలినవాళ్లను ఊరికి చేర్చే బాధ్యత కూడా కంపెనీ అతని మీదే పెట్టింది. కామారెడ్డి, నిజామాబాద్ వైపు మనుషులు ఆ క్యాంపులో చాలామంది. ఒకరిని తెచ్చి ఇంట్లో దించడం, మళ్లీ తిరుగు విమానం ఎక్కడం. అలా తిరిగీ తిరిగీ విమానం కంపెనీవాళ్ల గోల్డ్ కార్డు వచ్చింది.

కార్డు వల్ల చెక్-ఇన్ దగ్గర చిన్న లైను దొరికేది. సామాను కొంచెం ఎక్కువ తెచ్చుకోనిచ్చేవాళ్లు. బిజినెస్ క్లాసులో సీటు మిగిలితే డబ్బులు లేకుండా అక్కడికి మారుస్తామని కూడా రాసి ఉండేది కానీ అది ఎన్నడూ జరగలేదు. కౌంటర్‌లోవాళ్లు కంప్యూటర్ చూసి "వెయిటింగ్‌లో ఉన్నారు సార్" అనేవాళ్లు. అతని కన్నా ముందు ప్లాటినం కార్డువాడు ఎవడో ఒకడు ఉండేవాడు. మొదట్లో ఆశపడ్డాడు. ఎక్కేముందు చొక్కా నలగకుండా చూసుకునేవాడు కూడా. తర్వాత అడగడమే మానేశాడు.

బాలరాజు కోసం మళ్లీ అడిగాడు.

బాలరాజుది తాడ్వాయి. సెంట్రింగ్ పని చేస్తూ పైనుంచి పడ్డాడు. నడుము ఎముక చిట్లింది. పడుకుంటే ఓర్చుకునేవాడు, కూర్చోబెడితే కేకలు పెట్టేవాడు. స్ట్రెచర్ మీద తీసుకుపోవాలంటే విమానంలో చాలా సీట్లు కొనాలని కంపెనీ ఒప్పుకోలేదు. కూర్చోగలడని డాక్టరుతో రాయించి, నడుముకు బెల్టు కట్టించి, రెండు మామూలు టికెట్లు లక్ష్మణ్ చేతిలో పెట్టారు.

ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీని పక్కన ఆపి లక్ష్మణ్ కౌంటర్ మీదికి వంగాడు. తనకు వచ్చిన హిందీలో అడిగాడు.

"మేడమ్, నా కార్డులో జమైన పాయింట్లన్నీ తీసుకోండి. ఈయనకు ముందు సీటు ఇవ్వండి. అది వాలుతుంది కదా, పడుకుంటాడు."

"ఇవి అన్నిటికన్నా తక్కువ రకం టికెట్లు సార్. వీటి మీద పాయింట్లు పనిచేయవు."

"పోనీ నా కార్డు మీద ఇవ్వండి."

"కార్డు మీది. మీకొక్కరికే వర్తిస్తుంది. మీ పేరు వెయిటింగ్‌లో ఉంది."

ఆమె మాటలో కోపం లేదు, కనికరమూ లేదు. రోజుకు ఎంతమందికి ఆ మాట చెప్తుందో అనుకుని అతను పక్కకు జరిగాడు.

గేటు దగ్గర చక్రాల కుర్చీలవాళ్లను మొదట పంపారు. బాలరాజు బోర్డింగ్ పాసు మిషన్ మీద పెట్టగానే పచ్చలైటు వెలిగింది. లక్ష్మణ్ పాసు పెట్టగానే ఎర్రలైటు వెలిగి, మిషన్ కీచుమంది. అక్కడున్న కుర్రాడు కొత్త పాసు తీసి నవ్వుతూ చేతికిచ్చాడు.

"కంగ్రాట్స్ సార్. మీకు బిజినెస్ క్లాసు."

ఇన్నేళ్ల తర్వాత! లక్ష్మణ్‌కు సంతోషం రాలేదు. "దీన్ని ఆయనకు మార్చండి" అన్నాడు. కుదరదన్నాడు కుర్రాడు. వెనక లైను కదలమంటోంది.

"ఏమైందన్నా?" కుర్చీలోంచి అడిగాడు బాలరాజు.

"నాకు ముంగటి సీటు ఇచ్చిన్రు. నీకియ్యమంటే ఇయ్యరట."

బాలరాజు ముఖం వెలిగింది. "మంచిగాయె గదనే! నీ సీటు ఖాళీ అయితది. రెండు సీట్లల్ల అడ్డం పండుకుంట. నువ్వు పో."

ఆ ఆలోచన లక్ష్మణ్‌కు తట్టనే లేదు. వాళ్లవి చివరి వరుసలో పక్కపక్కన రెండే సీట్లు. మోకాళ్లు ముడుచుకుంటే మనిషి పడుకోవచ్చు. మెత్తటి సంచి తల కింద పెట్టి బాలరాజును మెల్లగా వాల్చాడు. బాలరాజు పడుకొనే ఉండి భార్యకు ఫోన్ చేశాడు. "హారికా, ఎక్కినమే. లక్ష్మణన్నకు ముంగట పెద్ద సీటు దొరికింది. ఫికర్ చెయ్యకు."

లక్ష్మణ్ ముందుకు వెళ్లి కూర్చున్నాడు. సీటు వెడల్పుగా ఉంది, కాళ్లు చాపితే ఎక్కడా తగల్లేదు. ఎవరో వేడి తుండుగుడ్డ ఇచ్చారు, దానితో ముఖం తుడుచుకున్నాడు. కళ్లు మూతలు పడుతున్నాయి. తలుపులు మూసేముందు ఒకసారి చూసి వద్దామని లేచాడు.

వెనక బాలరాజు నిటారుగా కూర్చుని, రెండు చేతులతో ముందు సీటును పట్టుకుని, పళ్లు బిగించి ఉన్నాడు. పక్క సీటులో గడ్డం నెరిసిన మనిషి ఒకాయన ఆయాసపడుతున్నాడు.

"ఇది నా సీటు చాచా," అన్నాడు లక్ష్మణ్.

"నాకిప్పుడే ఇచ్చిన్రు తమ్మీ. మాది జుక్కల్ దిక్కు. మా అమ్మకు పానం బాగ లేదు. సీట్లు లేవు, లేవు అన్కుంట, ఆఖర్ల ఒకటి దొరికిందంటే ఉరికొచ్చిన."

అప్పుడు అర్థమైంది లక్ష్మణ్‌కు. విమానంలో ఉన్న సీట్ల కన్నా ఎక్కువ టికెట్లు అమ్మారు. వెనక ఒక సీటు కావలసి వచ్చింది. అందుకే తనను ముందుకు పంపారు. కార్డుకు మర్యాద ఏమీ జరగలేదు. తెలిసి ఉంటే కదిలేవాడే కాదు. అంతలో తలుపులు మూశారు, ఎవరి సీట్లో వాళ్లు కూర్చోమని అతన్ని ముందుకు పంపేశారు.

విమానం పైకి లేచి సీటుబెల్టు లైటు ఆరేదాకా ముందు సీటులో ఎలా కూర్చున్నాడో అతనికే తెలియదు. ఆరగానే వెనక్కి పరుగు పెట్టాడు. ఎయిర్ హోస్టెస్ ఎదురొచ్చింది.

"సార్, మీ భోజనం ముందు వడ్డిస్తాం."

"నాకొద్దు. ఈ చాచాను నా సీటులోకి పంపండి. ఈయన పడుకుంటాడు."

"ఒకరి సీటు ఇంకొకరికి ఇవ్వడానికి లేదు సార్. నేను చేస్తే నా ఉద్యోగం పోతుంది."

ఆమె కళ్ల కింద కూడా నల్లటి చారలున్నాయి. బాలరాజు మూలుగు ఆగడం లేదు. గడ్డం మనిషి అతన్ని చూశాడు, ఆమెను చూశాడు, బెల్టు విప్పుకుని లేచాడు.

"నిలవడొద్దని రూలేం లేదు గద బేటీ? నేను నిలవడ్త. పండుకోనీ ఆ పిలగాన్ని."

ఆయన పేరు యాకూబు. ఆయనా లక్ష్మణూ కలిసి బాలరాజును అడ్డంగా పడుకోబెట్టారు. తర్వాత ఇద్దరూ టాయిలెట్ల పక్కన ఇరుకు జాగాలో గోడకు ఆనుకుని నిలబడ్డారు. కాసేపటికి ఆ అమ్మాయి ఒక దిండు, మందపాటి దుప్పటి తెచ్చి లక్ష్మణ్‌కు ఇచ్చింది.

"మీ సీటులోవే సార్" అని, ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది.

దుప్పటిని మడత పెట్టి బాలరాజు నడుము కింద దోపాడు. యాకూబు వాళ్లమ్మ సంగతులు చెప్పాడు. లక్ష్మణ్ వింటూనే నిలబడి కునికిపాట్లు పడ్డాడు. దిగేముందు మాత్రం కూర్చోబెట్టక తప్పలేదు. బాలరాజు కేక ముందు దాకా వినబడింది.

హైదరాబాద్ నుంచి అంబులెన్స్‌లో తీసుకుపోయారు. బాలరాజుకు ఇంజెక్షన్ ఇస్తే మత్తులోకి జారాడు. కామారెడ్డిలో ప్రైవేటు ఆస్పత్రి ముందు హారిక, బాలరాజు తల్లి హన్మవ్వ ఎదురుచూస్తున్నారు. స్ట్రెచర్ లోపలికి పోయింది. డాక్టరు బయటికొచ్చి, ప్రయాణంలో ఎముక కదిలినట్టుంది, రేపు ఆపరేషన్ చేయాలి అన్నాడు.

హారిక లక్ష్మణ్ వైపు తిరిగింది.

"నీకు ముంగట పండుకునే సీటు దొరికిందట గదన్నా. ఫోన్ల చెప్పిండు. ఆయనను ఎన్క కూసోవెట్టి నువ్వు ముంగట వచ్చినవా?"

హన్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లక్ష్మణ్ నోరు తెరిచాడు. కార్డు సంగతి చెప్పాలి, గేటు సంగతి చెప్పాలి, ఎక్కువ అమ్మిన టికెట్ల సంగతి, యాకూబు సంగతి. ఏది ముందు చెప్పాలో తెలియలేదు. ఏది చెప్పినా తప్పించుకోవడానికి చెప్పినట్టే ఉంటుంది.

"ఆపరేషన్ మంచిగైతదమ్మా" అన్నాడు. బాలరాజు సంచీ ఆమె పక్కన పెట్టి ఎల్లారెడ్డి బస్సెక్కాడు.

ఇంటికి పోగానే వరండాలో చాప మీద పడుకున్నాడు. భార్య అనిల మంచినీళ్లు తెచ్చింది. జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"గిదంతా ఆ పిల్లకు జెప్పకపోతివి?"

"మొగడు గట్ల వడి ఉంటె ఏం జెప్పమంటవ్?"

"ఏ తప్పు జెయ్యనోడి మీదనే పడ్తదయ్యా నింద" అని ఆమె అతని పాదాలు ఒళ్లోకి తీసుకుని చూసింది. బాగా వాచి ఉన్నాయి.

మర్నాడు దుబాయి నుంచి మేనేజరు ఫోన్ చేశాడు. జగిత్యాల మనిషి ఒకడికి పక్షవాతం వచ్చింది, వెంటనే తిరిగి రమ్మన్నాడు. "నీకు గోల్డ్ కార్డు ఉంది కదా, ఇబ్బంది ఉండదు" అన్నాడు కూడా.

"స్ట్రెచర్ బుక్ చేస్తేనే తీసుకొస్తాను సార్" అన్నాడు లక్ష్మణ్. ఆ మాట ఇదివరకు ఎన్నోసార్లు నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది. అవతల ఫోన్ పెట్టేశారు. ఉద్యోగం ఉందో పోయిందో తెలియదు. దాని గురించి ఆలోచించే ఓపిక కూడా లేదు. మళ్లీ చాప మీద వాలాడు.

సాయంత్రం హారిక ఫోన్ చేసింది. ఆపరేషన్ అయిందట, కాలి వేళ్లు కదుపుతున్నాడట. మెలకువ రాగానే బాలరాజు యాకూబు చాచా అన్నం తిన్నాడో లేదో కనుక్కోమన్నాడట. ఆ చాచా ఎవరని ఆమె అడిగితే అంతా చెప్పాడట.

"అన్నా, నువ్వు తిన్నవా?" అంది చివరికి.

"తిన్నమ్మా," అన్నాడు లక్ష్మణ్.

ఫోన్ పక్కన పెట్టాడు. వంటింట్లో అనిల జొన్నరొట్టెలు చేస్తోంది, అయ్యాక లేపుతానంది. సరేనని అటు తిరిగి పడుకున్నాడు.